మబ్బుల మొరాయించే పాత వ్యాను: చోక్ సంగతి తెలిస్తే సగం రిపేరు మీ చేతిలోనే

చలికాలం వచ్చిందంటే గుమ్మడిదల, బొంతపల్లి, అన్నారం, నల్లవల్లి వైపు కూరగాయల రైతులకు ఒక తిప్పలు మొదలవుతుంది. మాపటేల కోసిన పాలకూర, మెంతి, కొత్తిమీర కట్టలు కట్టి, తడి గోనె కప్పి పెడతారు. మబ్బుల బండి తీస్తేనే అది బోయిన్‌పల్లి మార్కెట్‌కో, కూకట్‌పల్లి రైతు బజారుకో టైముకు చేరేది. తీరా ఆ టైముకు పాత వ్యాను లేవదు. సెల్ఫ్ కొడితే గిర్రుగిర్రుమంటుంది గానీ అందుకోదు. నలుగురిని లేపి తోయించే సరికి గంట పోతుంది. టమాట అయితే రేపటికి ఆగుతుంది, ఆకుకూర ఆగదు. ఆలస్యంగా దిగిన కట్టకు ఎంత ధర పలుకుతుందో రైతుకు వేరే చెప్పక్కరలేదు.

పటాన్‌చెరు చుట్టుపక్కల డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు వేడి 10 డిగ్రీల లోపుకు పడిపోతుంది. నగరం మధ్యలో కంటే ఇక్కడ చలి ఎక్కువ. పగలు ఒక్క దెబ్బకు లేచే బండి మబ్బుల మొరాయించడానికి కారణం ఆ చలే. అయితే చలిని తట్టుకోవడానికే కార్బురేటర్‌లో చోక్ అనే ఏర్పాటు పెట్టారు. అది పని చేయకపోవడం గానీ, మనం దాన్ని సరిగ్గా వాడకపోవడం గానీ జరిగినప్పుడే ఈ తిప్పలు.

మీ బండి కార్బురేటర్ బండేనా?

1983లో వచ్చిన మారుతి 800, మరుసటి సంవత్సరం వచ్చిన మారుతి వ్యాను, అంతకు ముందు నుంచి ఉన్న పెట్రోలు అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని అన్నీ మొదట కార్బురేటర్ బండ్లే. 2000 సంవత్సరం నుంచి పొగ నిబంధనలు బిగియడంతో కార్లలో ఒక్కొక్కటిగా కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. గుర్తు పట్టడం తేలిక. స్టీరింగ్ దగ్గర గుంజే చోక్ గుండీ ఉంటే అది కార్బురేటర్ బండి. అది లేకుండా కంప్యూటరు పెట్టె ఉన్న బండి అయితే ఈ వ్యాసం మీకు పనికిరాదు, నేరుగా మెకానిక్ దగ్గరకు పోండి.

చోక్ ఏం చేస్తుంది?

పెట్రోలు నీళ్ళలాగా ఉన్నప్పుడు మండదు, ఆవిరై గాలితో కలిస్తేనే మండుతుంది. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఒక పాలు పెట్రోలుకు బరువులో సుమారు 15 పాళ్ళ గాలి సరిపోతుంది. చల్లని ఇంజనులో పెట్రోలు సగం ఆవిరి కాక గొట్టాల గోడలకే అంటుకుంటుంది. సిలిండరులోకి గాలి పోతుంది గానీ దానికి తగిన పెట్రోలు ఆవిరి అందదు. ప్లగ్గు నిప్పు వేసినా మంట అంటుకోదు.

కార్బురేటర్ మూతిలో ఒక పలుచని రేకు ఉంటుంది. గుండీ గుంజితే తీగ ఆ రేకును మూస్తుంది. గాలి తగ్గి, ఇంజను పీల్పు గట్టిగా పడి, పెట్రోలు ఎక్కువ వస్తుంది. స్ట్రాతో కొబ్బరినీళ్ళు తాగేటప్పుడు ముక్కు మూసుకుంటే పీల్పు అంతా స్ట్రా మీదే పడ్డట్లు. చోక్ అంటే ఇంతే.

సెల్ఫ్ కొట్టే పద్ధతి

చలి ఇంజనుకు చోక్ పూర్తిగా గుంజండి. లైట్లు, పాటల పెట్టె బంద్ చేయండి, బ్యాటరీ బలం అంతా సెల్ఫ్‌కే పోవాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ తొక్కి పట్టండి. చలికి గేరు బాక్సులో నూనె చిక్కబడుతుంది, క్లచ్ తొక్కితే సెల్ఫ్ మీద ఆ బరువు పడదు. ఆక్సిలేటర్‌ను ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు తొక్కి వదిలేయండి. ఆ తరువాత దాని మీద కాలు వద్దు. సెల్ఫ్‌ను ఐదారు సెకన్లకు మించి పట్టొద్దు. లేవకపోతే అర నిమిషం ఆగి మళ్ళీ కొట్టండి. ఆగకుండా కొడితే బ్యాటరీ దిగిపోతుంది, సెల్ఫ్ మోటారు కాలుతుంది.

బండి లేచాక ఒక నిమిషంలోపే గుండీని సగం లోపలికి నెట్టి, ఇంజను కుదురుకున్న కొద్దీ పూర్తిగా మూయాలి. ఊరు దాటే సరికి చోక్ పూర్తిగా మూసి ఉండాలి. మన వాళ్ళు తప్పు చేసేది ఎక్కువగా ఇక్కడే. నర్సాపూర్ రోడ్డు మీద తెల్లవారుజామున నల్ల పొగ వదులుతూ పోయే పాత వ్యాన్లలో చాలావాటికి రోగమేమీ లేదు, డ్రైవరు చోక్ మరిచాడంతే. దాని నష్టం పెట్రోలుతో ఆగదు. మండని పెట్రోలు సిలిండరు గోడల మీది నూనెను కడిగేసి, కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌ను పలుచన చేస్తుంది. డిప్ స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన గట్టిగా కొడుతున్నా, నూనె మట్టం పోసినదాని కంటే పెరిగినా ఆయిల్ మార్చక తప్పదు. అట్లాగే నడిపితే రింగులు, బేరింగులు పోతాయి. అప్పుడయ్యే ఖర్చు ఒక సీజన్ ఆకుకూర డబ్బులను మింగుతుంది.

పెట్రోలు ఎక్కువై మునిగితే

ఆక్సిలేటర్‌ను పదేపదే తొక్కితే ప్రతి తొక్కుకూ కార్బురేటర్‌లోని చిన్న పంపు పెట్రోలు చిమ్ముతుంది. ప్లగ్గులు తడిసిపోతాయి, ఇంజను పక్కన పచ్చి పెట్రోలు వాసన వస్తుంది. ఇక ఎంత చోక్ గుంజినా లాభం లేదు. చోక్ పూర్తిగా మూసేసి, ఐదు పది నిమిషాలు ఆగి, ఆక్సిలేటర్‌ను నేలకు అదిమి పట్టి, పైకీ కిందికీ ఆడించకుండా సెల్ఫ్ కొట్టండి. గాలి ఎక్కువ పోయి లోపలి తడి ఆరుతుంది. అందుకోగానే కాలు తీయాలి. అప్పటికీ లేవకపోతే ప్లగ్గులు విప్పి తుడిచి, ఆరబెట్టి బిగించండి.

చోక్ తీగ చూసే విధానం

కార్బురేటర్ విప్పే ముందు చోక్ తీగ చూడండి. ఎక్కువ బండ్లలో దొరికే లోపం ఇదే, ఖర్చు కూడా దాదాపు ఉండదు. పగటి పూట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చేయాల్సిన పని. వ్యానులో ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది కాబట్టి సీటు ఎత్తి చూడవచ్చు. ఎయిర్ క్లీనర్ నుంచి కార్బురేటర్‌కు వచ్చే మూత గానీ గొట్టం గానీ విప్పి, ఒకరిని గుండీ గుంజమని చెప్పి, మీరు టార్చి వేసి చూడండి. రేకు పూర్తిగా మూసుకోవాలి. గుండీ నెట్టితే పూర్తిగా నిలువుగా తెరుచుకోవాలి. గుండీ కదిలి రేకు కదలకపోతే తీగ తెగి ఉండాలి, లేదా కొస దగ్గర బిగించే స్క్రూ వదులై ఉండాలి. రేకు సగం దాకే వచ్చి ఆగితే గుండీని పూర్తిగా లోపలికి నెట్టండి, రేకు తెరిచి ఉండగా తీగలో ఒక మిల్లీమీటరు వదులు ఉంచి స్క్రూ బిగించండి. తీగ తుప్పు పట్టి బిర్రుగా కదిలితే పలుచని నూనె చుక్కలు వేసి పదిసార్లు ఆడించండి. అయినా రాకపోతే తీగ మార్చడమే మేలు. రేకు ఇరుసు మీద జిగురు, దుమ్ము పేరుకుంటే కార్బురేటర్ క్లీనర్ కొట్టి తుడవండి.

ఐడ్లింగ్ స్క్రూలను మాత్రం తిప్పొద్దు. చలికి లేవడంలేదని వాటిని తిప్పి, తరువాత పగలు కూడా లేవకుండా చేసుకున్నవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు.

చోక్ బాగానే ఉండి లేవకపోతే తరువాత అనుమానం బ్యాటరీ మీద. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది, ఇంజను నూనె చిక్కబడి సెల్ఫ్ మీద బరువు పెరుగుతుంది. సెల్ఫ్ నిదానంగా తిరుగుతుంటే కార్బురేటర్‌ను తిట్టి లాభం లేదు. టెర్మినళ్ళ మీది తెల్లటి పొడిని వేడినీళ్ళతో కడిగి బిగించండి. రాత్రంతా ఆగిన బండిలో మీటరు 12.6 వోల్టులు చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్లు. తరువాత ప్లగ్గులు, పాయింట్లు, ప్లగ్గు వైర్లు. మంచుకు డిస్ట్రిబ్యూటర్ మూత లోపల చెమ్మ పడితే నిప్పు పక్కదారి పడుతుంది, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. బండి వారం రోజులు కదలకుండా ఉండి లేవకపోతే కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు ఆవిరైపోయి ఉంటుంది. పంపు దాన్ని నింపే దాకా నాలుగైదు సార్లు సెల్ఫ్ కొట్టాల్సి వస్తుంది, అది లోపం కాదు.

20 శాతం ఇథనాల్ పెట్రోలు

2023 నుంచి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు రావడం మొదలైంది. మన చెరకు, మక్కలు, నూకల నుంచి తీసేదే ఈ ఇథనాల్, కాబట్టి రైతు దాన్ని కాదనలేడు. కానీ పాత బండికి దీనితో రెండు చిక్కులున్నాయి. ఇథనాల్ మండడానికి గాలి తక్కువ కావాలి. కొత్త బండిలో కంప్యూటరు పెట్రోలు పెంచి సరిచేసుకుంటుంది, కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. పైగా చలిలో ఇథనాల్ తొందరగా ఆవిరి కాదు. అందుకే మునుపు సగం చోక్‌తో లేచిన బండి ఇప్పుడు పూర్తి చోక్ అడుగుతుంది. రెండోది, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే విడిపోయి ట్యాంకు అడుగున చేరుతుంది. పాత రబ్బరు పైపులు ఉబ్బి పగులుతాయి. పైపులు మెత్తబడినా, చెమ్మ కనిపించినా వెంటనే కొత్తవి వేయించండి. వ్యానులో అవి మీ సీటు కిందే ఉన్నాయని మరువకండి.

కార్బురేటర్ మూతిలో పెట్రోలు పోసి సెల్ఫ్ కొట్టే అలవాటు కొందరికి ఉంది. ఇంజను ఎదురు తన్నితే మంట ముఖానికే వస్తుంది. చలికి ఇంజను కింద గడ్డి మంట పెట్టడం కూడా అంతే ప్రమాదం. ఈ పని చేస్తున్నంతసేపూ దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండొద్దు. తలుపులు మూసిన కొట్టంలో బండి నడిపి వేడిచేయొద్దు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, పక్కన పడుకున్న మనిషి నిద్రలోనే ప్రాణం పోగొట్టుకోవచ్చు.

పవర్ స్ప్రేయర్, గడ్డి కోసే యంత్రం చోక్ కూడా ఈ సూత్రం మీదే పని చేస్తుంది. అందుకున్న తరువాత చోక్ తీయకపోతే వెంటనే ఆగిపోతుంది, అంతే తేడా. మందు కొట్టే పని అయిపోయి నెల రోజులు మూల పెట్టేటట్లయితే ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన పెట్రోలు అయిపోయే దాకా ఇంజను నడిపి ఆపండి. లేకుంటే లోపలి పెట్రోలు జిగురై సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి, వచ్చే పంటకు తాడు ఎంత గుంజినా లేవదు.