పాత కారుకు పై మెరుగు తర్వాత.. ముందు అడుగు చూడండి!

భద్రాచలం: ఆదివారం పొద్దున్నే వాకిట్లో వేపచెట్టు కింద కప్పి ఉన్న టార్పాలిన్ తీస్తారు. రెండు బకెట్ల నీళ్లు, ఒక పాత పంచె ముక్క, గుప్పెడు సబ్బు పొడి. గంట తిరిగేసరికి పాత మారుతి 800 తళతళలాడుతుంది. చూసినవారు కొత్తదానిలా ఉందంటారు. యజమాని మురిసిపోతాడు. అయితే డ్రైవరు కాళ్ల కింది పట్టా ఎత్తి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. ఎత్తి వేలితో నొక్కితే, ఎర్రటి పొడి రాలినా ఆశ్చర్యం లేదు.

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అడవి అంచున ఉన్న పల్లెల్లో కారు విలాస వస్తువు కాదు. అర్ధరాత్రి పురిటి నొప్పులు వచ్చినా, చేనులో పాము కరిచినా, 108 వచ్చేలోగా బయలుదేరడానికి వాడలో ఉన్న ఆ ఒక్క పాత కారే దిక్కు. అలాంటి కారు రంగు వెలిసినా నడుస్తుంది. బ్రేకు పడకపోతే, అడుగు రేకు చివికిపోతే మాత్రం ఎక్కినవారి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఇంటి దగ్గర కారు బాగుచేసుకునేవారు పైనుంచి కిందికి కాక, కింది నుంచి పైకి రావాలి.

సామాన్యుడి కారు

ఈ ప్రాంతంలో చిన్న కారు అంటే ముందు గుర్తొచ్చేది మారుతి 800. 1983 డిసెంబరు 14న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ తొలి కారు తాళాలను హర్‌పాల్ సింగ్ అనే కొనుగోలుదారుకు అందించారు. అప్పట్లో ధర సుమారు రూ.47,500. రోడ్ల మీద అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లదే రాజ్యమైన రోజులవి. 1986లో 800 ఆకారం మారింది. ఆ రూపమే చివరిదాకా నిలిచింది. 2010లో హైదరాబాదుతో సహా 13 నగరాల్లో అమ్మకాలు ఆపారు. 2014 జనవరిలో తయారీయే నిలిచిపోయింది. అప్పటికి 25 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

అంటే ఇప్పుడు కనబడే 800లలో అన్నిటికంటే చిన్నదానికి కూడా పదేళ్లు దాటాయి. చాలావాటికి 20 ఏళ్లు నిండాయి. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను చిన్నదే అయినా మొండిది. ఆ కుటుంబపు ఇంజనే ఓమ్ని వ్యానులోనూ ఉండేది. ఓమ్ని 2019 దాకా తయారైంది. కనుక ఇంజను సామానుకు మరీ కరువు లేదు. ఇంజను పోతే వేరొకటి దించి ఎక్కించవచ్చు. కానీ రేకు చివికితే కారే పోయినట్టు. జీపుకు, లారీకి ఉన్నట్టు దీనికి విడిగా చాసిస్ ఉండదు. రేకు ఒళ్లే దీనికి ఎముకలు.

ఎక్కడ తింటుంది తుప్పు?

తుప్పుకు కావలసినవి మూడు: ఇనుము, తడి, గాలి. వీటికి బురద తోడైతే తడి ఆరదు. అడవి దారుల ఎర్రమట్టి, కంకర పొడి, మణుగూరు, కొత్తగూడెం వైపు లారీల వెంట లేచే బొగ్గు దుమ్ము చక్రాల గూళ్లలో పేరుకుంటాయి. వానాకాలం నాలుగు నెలలూ ఆ మన్ను తడి పీల్చుకుని రేకును అంటిపెట్టుకుని ఉంటుంది. పైన ఎండ కాసినా లోపల ఆరదు.

రెండో చోటు అద్దం ముందు జాలీ. చెట్టు కింద నిలిపిన కారులో చింతాకు, వేపాకు ఆ జాలీలోంచి లోపలికి జారి, నీరు పోయే దారిని మూసేస్తాయి. అప్పుడు వాననీరు బయటికి పోక డ్రైవరు కాళ్ల దగ్గరికి కారుతుంది. పైకప్పు కారుతోందని చాలామంది పొరబడతారు. కారేది పైకప్పు కాదు, పూడింది కాలువ.

మూడోది తలుపుల అడుగు. అద్దం పక్క నుంచి దిగిన వాన తలుపులోకి పోతుంది. అది బయటికి పోవడానికి తలుపు కింది అంచున చిన్న చిల్లులు ఉంటాయి. వాటిలో మట్టి చేరితే తలుపు నీళ్ల కుండ అవుతుంది. చీపురు పుల్లతో పొడిస్తే చాలు. కొన్ని కార్లలో చెంబెడు బురద నీరు దిగుతుంది. పైసా ఖర్చు లేని ఈ పని వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేసుకోవాలి.

కడిగే వరస

ఎండ ముదరక ముందే నీడన పని మొదలుపెట్టాలి. ముందు చక్రాల గూళ్లు, అడుగు భాగం పైపు నీళ్లతో తడిపి, మన్ను నానిన తర్వాత బ్రష్షుతో రుద్దాలి. ఆ తర్వాతే పైభాగం. పొడి దుమ్ము మీద గుడ్డ పెట్టి తుడిస్తే ఇసుక రేణువులు రంగును గీరేస్తాయి. ముందు నీళ్లు పోసి దుమ్మును దించాలి. బట్టల సబ్బు పొడి, గిన్నెలు తోమే సబ్బు రంగు మీది మెరుపును తినేస్తాయి. కారు షాంపూ కొద్దిగా కలిపి వాడితే మేలు. పిట్ట రెట్టను, చెట్టు జిగురును గోరుతో గీకరాదు. తడిగుడ్డ కాసేపు కప్పి ఉంచితే నాని వచ్చేస్తాయి.

లోపల సీట్లు విప్పడం కష్టం కాదు. నాలుగు బోల్టులు, ఒక పానా. పట్టాలు, వాటి కింది గోనె లాంటి పొర తీసి రెండు రోజులు ఎండబెట్టాలి. ఆ పొర తడిగా ఉంటే ఫ్లోరు రేకు మీద తడిగుడ్డ కప్పినట్టే. రేకు మీద పై తుప్పు కనిపిస్తే ఇనుప బ్రష్షుతో, ఎమరీ కాగితంతో లోహం కనబడేదాకా గీకి, రెడ్ ఆక్సైడు పూసి, ఆరిన తర్వాత రంగు వేయాలి. చిల్లు పడితే సంగతి వేరు. లప్పం పెట్టి రంగు కొడితే చిల్లు కనబడదు, పోదు కూడా. తుప్పు పట్టిన ముక్క కోసి కొత్త రేకు వెల్డింగు చేయించాల్సిందే. పెట్రోలు ట్యాంకు ఉన్న బండికి ఇంట్లో వెల్డింగు చేయబోవద్దు. అది షెడ్డులో, తెలిసినవారి చేతి పని.

బానెట్టు కింద నీళ్లు చల్లేముందు బ్యాటరీ తీగ విప్పాలి. డిస్ట్రిబ్యూటరుకు, కార్బురేటరుకు ప్లాస్టిక్ సంచి కట్టాలి. నీళ్ల జోరు కంటే తడిగుడ్డ, బ్రష్షు మేలు. బ్యాటరీ మొనల మీద తెల్లటి పొడి చేరితే వేడి నీళ్లలో తినే సోడా కలిపి కడిగి, ఆరాక కాస్త గ్రీజు రాస్తే చాలు. స్టార్టు కావడం లేదని ఎక్కే బండి తోయించే ముందు ఈ మొనలు చూసుకోవాలి.

నెలల తరబడి నిలిపితే ఎలుకలు చేరతాయి. ఎయిర్ ఫిల్టరు డబ్బాలో గూడు కడతాయి, తీగలు కొరుకుతాయి. స్టార్టు చేసే ముందు ఆ డబ్బా మూత తీసి చూడటం మంచిది. గింజల బస్తాల పక్కన కారు నిలపకపోతే సగం బెడద తప్పుతుంది.

కనబడని చోటే ప్రమాదం

రంగుకు పెట్టే డబ్బు ముందు బ్రేకుకు పెట్టాలి. వెనుక చక్రాల డ్రమ్ములు విప్పితే లోపల తడి మరక కనిపిస్తే వీల్ సిలిండరు కారుతున్నట్టే. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి మార్చకపోతే లోపలి గొట్టాలకు తుప్పు పడుతుంది. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదరాదు. పాత బ్రేకు లైనింగుల పొడి ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవాలి. బ్రేకు ఆయిలు రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకుంటే రంగు లేస్తుంది.

టైరు గాట్లు నిండుగా ఉన్నా పక్కల్లో పగుళ్లు ఉంటే నమ్మరాదు. పల్లెలో తక్కువ తిరిగే కారుకు టైర్లు అరగవు, ఎండిపోతాయి. టైమింగు బెల్టుదీ అదే కథ. అది ఎప్పుడు మార్చారో తెలియకపోతే మార్పించడమే క్షేమం.

పెట్రోలు గొట్టాల సంగతి కొత్తగా వచ్చిన చిక్కు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత 800 దానికోసం తయారైన బండి కాదు. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి, పగిలి కారే అవకాశం ఉంది. పైగా ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలిపిన బండి ట్యాంకులో నీరు అడుగుకు చేరవచ్చు. గొట్టాలన్నీ ఇథనాలుకు తట్టుకునే రకంవి వేయించడం, వారానికోసారైనా నాలుగు మైళ్లు తిప్పడం దీనికి మందు. పెట్రోలు వాసన వస్తే స్టార్టు చేయవద్దు. బీడీ సంగతి చెప్పనక్కర్లేదు.

జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరడం అన్నిటికంటే పెద్ద తప్పు. జాకీ జారితే కేక వేసే వ్యవధి కూడా ఉండదు. చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, గట్టి కలప దిమ్మెలు ఊతంగా నిలిపాకే పానా పట్టాలి. తలుపులు మూసిన పాకలో ఇంజను నడపరాదు. ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు. కాగుతున్న రేడియేటరు మూత తీయరాదు.

గోదావరి వస్తే

2022 జూలై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంతటి వరద అదే. 2022లో వంతెన మీద రాకపోకలు ఆపేశారు. నది పక్క మండలాలవారికి ఈ లెక్కలు నోటికి వచ్చినవే. మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకు, రెండోది 48కి, మూడోది 53కి. కారును మెరకకు చేర్చాల్సింది మొదటి హెచ్చరికకే. మూడోదాకా ఆగితే దారి మునుగుతుంది.

మునిగిన కారును స్టార్టు చేసి చూడటమే దానికి చివరి దెబ్బ. సిలిండరులోకి చేరిన నీరు నలగదు, లోపలి కడ్డీలు వంగుతాయి. ముందు బ్యాటరీ తీగ విప్పాలి. ఆయిలు పుల్ల తీసి చూడాలి. ఆయిలు పాలు కలిపిన చాయ రంగులో ఉంటే నీరు చేరినట్టే. ఇంజను ఆయిలు, గేరు ఆయిలు, పెట్రోలు పూర్తిగా దించాలి. ప్లగ్గులు విప్పి, ఇంజనును చేత్తో మెల్లగా తిప్పితే నీరు బయటికి చిమ్ముతుంది. బ్రేకు డ్రమ్ములు విప్పి కడగాలి. బురద ఎండకముందే, వరద దిగిన రోజే కడిగితే సగం కారు దక్కుతుంది. ఎండితే అది గచ్చే. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉన్నవారికి వరద నష్టం రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

పదిహేనేళ్లు నిండితే తుక్కేనా?

పదిహేనేళ్లు నిండిన కారును ప్రభుత్వం లాగేసుకుంటుందనే మాట పల్లెల్లో తిరుగుతూనే ఉంది. ఢిల్లీ, దాని పరిసరాలకు వచ్చిన కోర్టు ఉత్తర్వుల గురించి విని కలిగిన భయమిది. ఆ భయంతో మంచి బండ్లను కూడా తుక్కు బేరానికి ఇచ్చేసేవారున్నారు. సొంత కారుకు రిజిస్ట్రేషను 15 ఏళ్లు. ఆ తర్వాత బండి దారుఢ్యం తనిఖీలో నిలిస్తే ఐదేసి ఏళ్లకు పొడిగిస్తారు. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన కార్లకు ఈ రుసుమును కేంద్రం రూ.5 వేలు చేసింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు రూ.10 వేలకు పెంచింది. దీనికి గ్రీన్ ట్యాక్సు, పొగ పరీక్ష అదనం. గడువు దాటిన కారు రోడ్డెక్కితే నేరమే. ప్రమాదం జరిగితే బీమా పరిహారం దగ్గరా చిక్కు వస్తుంది.

కనుక రంగుకు, సీటు కవర్లకు డబ్బు పెట్టేముందు ఫ్లోరు చూసి లెక్క వేసుకోవాలి. ఒళ్లు గట్టిగా ఉంటే బ్రేకులు, టైర్లు, పెట్రోలు గొట్టాలు, ఫ్లోరు, ఆ తర్వాతే రంగు. ఇదీ ఖర్చు వరస. ఒళ్లంతా చివికితే మమకారం చంపుకోవాల్సిందే. అప్పుడైనా దారిన పోయే బేరగాడికి ఇవ్వక, అధీకృత తుక్కు కేంద్రానికి అప్పగించి పత్రం తీసుకుని, రిజిస్ట్రేషను రద్దు చేయించుకోవాలి. లేకుంటే కారు పోయినా కాగితం మీద పేరు మిగిలే ఉంటుంది.

వానలు మొదలయ్యేలోపు ఒక ఆదివారం చాలు. చీపురు పుల్ల, బకెట్టు నీళ్లు, ఇనుప బ్రష్షు, ఓ గంట ఓపిక. ఈసారి టార్పాలిన్ తీసినప్పుడు ముందు బానెట్టు తుడవకుండా కాళ్ల కింది పట్టా ఎత్తి చూడండి. అర్ధరాత్రి ఎవరో వచ్చి తలుపు తట్టినప్పుడు బండిని కదిలించాల్సింది దాని మెరుపు కాదు.