పోపుల డబ్బా ఎక్కడుందో తెలుసు... మరి మీ ఓటు?

2024 మే 13. అసెంబ్లీ ఎన్నికల రోజు. మా వీధిలో ఒక వదినగారు పెందలాడే వంట ముగించి, ఇస్త్రీ చీర కట్టుకుని, ఓటరు కార్డు పర్సులో పెట్టుకుని బయల్దేరారు. ఎండలో క్యూలో నిలబడి, తీరా లోపలికి వెళ్తే "మీ పేరు లిస్టులో లేదమ్మా" అన్నారట. "కార్డుంది కదండీ!" అంటే "కార్డుంటే చాలదమ్మా, లిస్టులో పేరుండాలి" అన్నారట. ఇంతకీ ఆవిడ పేరు ఎక్కడుందనుకున్నారు? పెళ్ళికి ముందున్న ఊళ్ళో, పాలకొల్లులో!

"ఆవాలు ఏ గిన్నెలో ఉన్నాయో కళ్ళు మూసుకుని చెప్తాను. నా ఓటెక్కడుందో మాత్రం ఇన్నేళ్ళూ చూసుకోలేదు" అని ఆవిడ నొచ్చుకున్నారు.

నవ్వకండి. పెళ్ళితో ఊరు, ఇంటిపేరు, వీధి అన్నీ మారేది మనకే కదా! మగవారి పేరు ఉన్నచోటే ఉంటుంది. మన పేరే దారిలో ఎక్కడో తప్పిపోతుంది. ఈ కథ ఈనాటిదీ కాదు. 1951-52లో దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలప్పుడు చాలామంది ఆడవాళ్ళు సొంత పేరు చెప్పకుండా 'ఫలానావారి భార్య', 'ఫలానావారి తల్లి' అని రాయించుకున్నారు. అలా కుదరదని ఎన్నికల సంఘం పట్టుబట్టడంతో సుమారు 28 లక్షల మంది పేర్లు జాబితాకెక్కలేదు. వారిలో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవారే. కానీ పాఠం మనందరికీ!

ఏ ఫారం దేనికి?

18 ఏళ్ళు నిండిన అమ్మాయి కొత్తగా పేరు చేర్చుకోవాలంటే ఫారం 6. పూర్వం జనవరి 1నాటి వయసే లెక్క. 2022 నుంచి ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 కూడా లెక్కలోకి వచ్చాయి. కాబట్టి మీ అమ్మాయి పుట్టినరోజు మార్చిలో అయితే వచ్చే జనవరిదాకా ఆగనక్కర్లేదు.

పెళ్ళయి వచ్చిన కోడలికి, ఇల్లు మారినవారికి, పేరులో తప్పు దిద్దుకోవాల్సినవారికి ఫారం 8. ఆధార్‌లో 'వెంకటలక్ష్మి', ఓటరు లిస్టులో 'లక్ష్మి' అని ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. చనిపోయినవారి పేరు తీయించడానికి ఫారం 7. అత్తగారు పోయి ఏళ్ళయినా లిస్టులో ఆవిడ పేరు ఉండిపోతే, ఆ ఓటు ఎవరైనా వేసెయ్యొచ్చు సుమా!

ఫారాలు మీ బూత్ స్థాయి అధికారికి ఇవ్వొచ్చు, తహసీల్దారు కార్యాలయంలో ఇవ్వొచ్చు, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో పిల్లల చేత నింపించొచ్చు. సందేహముంటే 1950కి ఫోను చేయండి. అధికారి విచారణకి ఇంటికొస్తే "ఆయన లేరండీ, తర్వాత రండి" అని పంపెయ్యకండి. ఆ వచ్చింది మీ పేరు కోసమే!

ఒక హెచ్చరిక. పుట్టింట్లో ఒకటి, అత్తింట్లో ఒకటి అని రెండుచోట్ల పేరు ఉంచుకోవడం చట్టవిరుద్ధం. ఫారంలో తెలిసి అబద్ధం రాస్తే ఏడాదిదాకా జైలుశిక్ష పడొచ్చు.

వార్డు ఓటు సంగతేమిటి?

మున్సిపల్ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. అసెంబ్లీ ఓటర్ల జాబితానే వార్డులవారీగా విడదీసి వార్డు జాబితా తయారుచేస్తారు. అంటే అందులో పేరు లేకపోతే ఇందులోనూ ఉండదు. వార్డు ముసాయిదా జాబితాను మున్సిపల్ ఆఫీసులో పెట్టినప్పుడు తప్పకుండా చూసుకోండి. వార్డుల హద్దులు మారినప్పుడు ఒకే ఇంట్లో అత్తగారు ఒక వార్డులోనూ, కోడలు పక్క వార్డులోనూ పడిన సందర్భాలుంటాయి. అప్పుడే అభ్యంతరం రాసివ్వాలి. పోలింగు రోజున గోల పెట్టి లాభం లేదు.

మన భీమవరం మున్సిపాలిటీ 1948లో ఏర్పడింది. 2014 మార్చి 30న ఇక్కడ 39 వార్డులకు పోలింగు జరిగింది. ఆ కౌన్సిల్ గడువు 2019లో తీరిపోయింది. పాలన ప్రత్యేకాధికారి చేతికి వెళ్ళింది. 2021 మార్చి 10న రాష్ట్రంలో చాలా పట్టణాలు ఓటేశాయి. పక్కనున్న నరసాపురం కూడా వేసింది. భీమవరానికి మాత్రం ఆ రోజు ఎన్నిక లేదు. కుళాయి నీళ్ళు రంగు మారినా, కాలువ పూడి దోమలు ముసిరినా, యనమదుర్రు డ్రెయిన్ కంపు కొట్టినా "మా కౌన్సిలరుగారూ!" అని పిలవడానికి వీధిలో మనిషి లేకపోతే ఆ లోటు ముందు తెలిసేది ఇంట్లో ఉండే మనకే కదండీ!

మన రాష్ట్రంలో పట్టణ వార్డుల్లో సగం ఆడవారికే రిజర్వు. 21 ఏళ్ళు నిండి, ఆ పట్టణం జాబితాలో పేరుంటేనే పోటీకి అర్హత. ఆ పేరే లేకపోతే కుర్చీ మాట దేవుడెరుగు, వేలికి సిరా చుక్క కూడా దక్కదు. బోర్డు మీద భార్య పేరు, కుర్చీలో భర్త అన్న వాడుక పోవాలన్నా ముందు మనం ఓటర్లుగా లెక్కకు రావాలి.

అందుకే ఈ వారం మీకో చిన్న పని. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఇంట్లో అందరి ఓటరు కార్డులూ ఒకచోట పెట్టండి. ఒక్కో పేరూ లిస్టులో ఉందో లేదో, ఏ ఇంటి నంబరుతో ఉందో చూడండి. పక్కింటి పిన్నిగారికి, పనిచేసే అమ్మాయికి కూడా చూసిపెట్టండి. ఎన్నికల ప్రకటన వెలువడ్డాక పరుగెత్తడమంటే, చుట్టాలు గుమ్మంలోకి వచ్చాక పప్పు నానబోయడం లాంటిదే!

అన్నట్టు, మా వదినగారు మొన్న ఫారం 8 ఇచ్చి వచ్చారు. మరి మీరు?