షాబ్లీ పోగొట్టుకున్న పేరు, ఆత్రేయపురం కాపాడుకోవలసిన పేరు

వాడపల్లి: శనివారం వచ్చిందంటే వేంకటేశ్వరస్వామి దర్శనానికి వచ్చే జనంతో ఇక్కడి గౌతమి గట్టు కిటకిటలాడుతుంది. ఏడు శనివారాల మొక్కు ఉన్నవారు తిరుగుముఖం పట్టేటప్పుడు పూతరేకుల పెట్టె ఒకటైనా చేత పట్టుకుని వెళ్లడం మామూలే. పెట్టె మీద ఉండే ఊరి పేరు ఒక్కటే, ఆత్రేయపురం. వాడపల్లి ఆ మండలంలోని గ్రామమే గనుక ఇక్కడ కొనేవారికి అనుమానం రాదు. రావులపాలెం రహదారి మీద కొట్లలోను, హైదరాబాదు మిఠాయి దుకాణాలలోను కూడా ఇదే పేరుతో సరుకు అమ్ముడవుతున్నది. అందులో ఈ గట్టున తీసిన రేకు ఎంత, బయట తీసిన రేకు ఎంత అన్నది పెట్టె చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఊరి పేరుకే ధర పలికే ప్రతి సరుకుకూ ఈ చిక్కు ఉన్నది. ఇందులో బాగా నలిగినవారు ఫ్రాన్సులోని షాబ్లీ ఊరివారు. వారు అమ్మేది తెల్ల వైను. మన మిఠాయికీ వారి వైనుకూ పోలిక ఏమిటని అనిపించవచ్చు గాని, వర్తకుల లెక్కలో రెండూ ఒకే కోవలోకి వస్తాయి.

షాబ్లీ పారిస్‌కు ఆగ్నేయంగా సుమారు 180 కిలోమీటర్ల దూరాన, సెరాన్ అనే చిన్న నది ఒడ్డున ఉన్నది. దగ్గరలోని పోంటీన్యీ మఠం సన్యాసులు 12వ శతాబ్దం నుంచి అక్కడ ద్రాక్ష పండించారు. ఇప్పుడు వేసేది షార్డొనే అనే ఒకే రకం. నేల సున్నపు మన్ను. కోట్ల ఏళ్ల కిందట సముద్రం ఉన్న చోటు గనుక చిన్న ఆల్చిప్పల అవశేషాలు మట్టిలో ఇప్పటికీ కనిపిస్తాయి. పుల్లగా, పలచగా, ఏ ఆర్భాటమూ లేకుండా ఉండే ఆ వైను రుచికి ఈ మన్నే కారణమని ఊరివారు గట్టిగా చెబుతారు.

అక్కడి రైతుకు ఏప్రిల్ నెల గండం. తీగ చిగురు వేసిన తరువాత ఒక్క రాత్రి మంచు పడితే ఏడాది రాబడి పోయినట్లే. తోటల్లో వరుసల మధ్య కుంపట్లు వెలిగిస్తారు. కొందరు రాత్రంతా చిగుళ్ల మీద నీళ్లు చిమ్ముతారు. ఆ నీరు గడ్డకట్టి పొరలా ఏర్పడి లోపలి చిగురును కాపాడుతుంది. ఇంత చేసినా 2016లోను, 2021లోను దెబ్బ తప్పలేదు. సరుకు తగ్గిన ఏడు ధర పెరగడం, పెరిగిన ధరకు కొనుగోలుదార్లు పక్క సరుకు వైపు మళ్లడం అక్కడా ఉన్నదే.

ఒకప్పుడు షాబ్లీ పీపాలు పడవల మీద యోన్ నది దిగి, సీన్ నదిలోకి చేరి పారిస్ బజారుకు వెళ్లేవి. కోనసీమ కాలువల మీద సరుకు నడిచిన రోజులు ఎరిగినవారికి ఆ వర్తకం ఎలా సాగేదో వేరే చెప్పనక్కర లేదు. 19వ శతాబ్దంలో రైళ్లు వచ్చి దక్షిణ ఫ్రాన్సు చౌక వైనును పారిస్‌కు చేర్చాయి. ఆ శతాబ్దం చివర ఫిలాక్సెరా పురుగు వేళ్లను తినివేసింది. 1950ల నాటికి షాబ్లీలో మిగిలిన తోట సుమారు 500 హెక్టార్లు మాత్రమే.

విచిత్రమేమంటే, తోట కుంగిపోయిన ఆ రోజుల్లోనే పేరు లోకమంతా పాకిపోయింది. అమెరికాలో ఏ తెల్ల వైనునైనా షాబ్లీ అనడం అలవాటయింది. కాలిఫోర్నియాలో చౌక ద్రాక్షతో చేసి పెద్ద జాడీలకు ఎత్తిన సరుకు ఈ పేరుతో అమ్ముడయింది. మన బజారులో తినడానికి కొనే థాంప్సన్ సీడ్‌లెస్ కాయ కూడా అటువంటి జాడీ వైన్లలోకి వెళ్లేది. చివరకు గులాబీ రంగు షాబ్లీ సైతం వచ్చింది. అసలు షాబ్లీ తెల్లనిది తప్ప మరొకటి కాదు. అమెరికా చట్టం దానిని సగం జాతి పేరుగా పరిగణించి, కాలిఫోర్నియా అన్న మాట ముందు చేరిస్తే చాలునన్నది.

ఫ్రాన్సులో చట్టం లేక కాదు. 1935లో ఊరి పేర్లకు రక్షణ చట్టం వచ్చింది. షాబ్లీకి 1938లో హద్దులు గీశారు. ఏ నేల, ఏ రకం, హెక్టారుకు ఎంత దిగుబడి అన్నవన్నీ రాతలో పెట్టారు. కాని ఆ రాత దేశం దాటి చెల్లలేదు. యూరోపుతో 2006లో కుదిరిన ఒప్పందంతో అమెరికా కొత్త లేబుళ్ల మీద ఈ పేరు వాడరాదన్నది. అప్పటికే వాడుతున్న పాత లేబుళ్లను మాత్రం ఉండనిచ్చింది. పేరు ఒకసారి బజారున పడితే తిరిగి పూర్తిగా చేతికి రాదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కర లేదు.

ఇంటి గొడవ మరొకటి. గిరాకీ కోలుకున్న కొద్దీ హద్దు ఎంతవరకు జరపాలన్న తగాదా 1970లలో ముదిరింది. ఆల్చిప్ప మన్ను ఉన్న చోటే షాబ్లీ అని ఒక పక్షం, వాలు, ఎండ బాగుంటే పక్క నేల కూడా షాబ్లీయే అని మరొక పక్షం వాదించాయి. విస్తరణ కోరినవారిదే పైచేయి అయింది. ఇప్పుడు తోటలు 5 వేల హెక్టార్లు దాటాయి. అయినా ధర నిలిచిందంటే శ్రేణుల వల్లనే. ప్తీ షాబ్లీ, షాబ్లీ, ప్రెమియే క్రూ, గ్రాన్ క్రూ అని నాలుగు మెట్లు ఉన్నాయి. పై మెట్టు ఊరికి ఎదురుగా ఉన్న ఒకే కొండవాలు, ఏడు తోటల పేర్లతో సుమారు 100 హెక్టార్లు. మొత్తంలో అది నూటికి రెండు పాళ్లకు మించదు. కొనేవాడు ఏ మెట్టు సరుకుకు ధర ఇస్తున్నాడో లేబులే చెబుతుంది.

ఇక ఆత్రేయపురం సంగతి. ఇక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. జయ రకం బియ్యం నానబెట్టి పలచగా రుబ్బి, బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది. ఈ పని ఆడవారిదే. మంట కాస్త ఎక్కువైనా, పిండి కాస్త చిక్కనైనా రేకు చేతికి రాదు. చాలామంది రేకు తీసి లెక్కన అమ్మేస్తారు. నెయ్యి, పంచదార లేక బెల్లం వేసి చుట్టేవారు వేరు, అమ్మేవారు వేరు. వర్తకులకు ముఖ్యమైన ప్రశ్న ఇక్కడే పుడుతున్నది. ఇక్కడ తీసిన రేకును వేరే ఊళ్లో చుట్టి అమ్మితే అది ఆత్రేయపురం పూతరేకేనా? వైనులో ఈ పేచీ తక్కువ, ద్రాక్ష ఎక్కడిదో తోట పట్టా చెబుతుంది. రేకుకు పట్టా లేదు.

1999 నాటి చట్టం ప్రకారం దొంగ పేరుతో అమ్మితే 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జుల్మానా ఉన్నది. ఈ పేరును అమ్మడానికి గాని, తాకట్టు పెట్టడానికి గాని, మరొకరికి లైసెన్సు ఇవ్వడానికి గాని వీలు లేదు. అంటే పెట్టుబడిదారు ఎవరైనా వచ్చి పేరును కొనుక్కుపోవడం కుదరదు. ఇది తయారీదార్లకు పెద్ద అండ.

లోటు మరొక చోట ఉన్నది. ప్రపంచ వాణిజ్య ఒప్పందంలో వైనుకు, మద్యానికి ఇచ్చిన రక్షణ మిఠాయికి లేదు. వైను మీద ‘షాబ్లీ రకం’ అని రాయడం కూడా తప్పే. ఇతర సరుకుల విషయంలో కొనేవాడు మోసపోయినట్లు చూపించాలి. ‘ఆత్రేయపురం రకం పూతరేకులు, తయారీ ఫలానా నగరం’ అని చిన్న అక్షరాలతో రాసినవాడిని పట్టుకోవడం అంత సులువు కాదు. కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన సరుకులకు మన చట్టంలోనే అదనపు రక్షణకు వీలున్నది. తయారీదార్ల సంఘం ముందుగా అడగవలసినది దీనిని.

మరొక మాట. గుర్తింపు సంఘం పేరున ఉన్నంత మాత్రాన ఇంటింటా రేకు తీసేవారికి హక్కు దానంతట అది దఖలు పడదు. ఒక్కొక్కరు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. నమోదు అయినవారి నుంచి కొన్నట్లు రసీదు ఉన్న వర్తకుడికి తనిఖీ వచ్చిన రోజున ఇబ్బంది తక్కువ. గుర్తింపు గడువు 10 ఏళ్లు, అదీ దరఖాస్తు చేసిన తేదీ నుంచి లెక్క. రుసుము కట్టి పొడిగించుకునే పని సంఘానిదే.