ముక్కూ మొగమూ తెలియని చిరునామాకు సరుకు పంపేటప్పుడు

ఇంటిపట్టున ఉండి నాలుగు డబ్బులు సంపాదించుకొనే స్త్రీలు మన కుటుంబాలలో ఎప్పుడూ ఉన్నారు. అప్పడాలు, వడియాలు చేసి ఇరుగుపొరుగులకు ఇచ్చేవారు. చీరలు తెప్పించి వాయిదాల మీద అమ్మేవారు. ఇప్పుడు ఆ ఇరుగుపొరుగు పెద్దదయినది. షోలాపూరులో ఉన్నవారు దుప్పటి ఫొటో సెల్‌ఫోనులో పెడితే బెంగుళూరువారు కొంటున్నారు. బరంపురం పట్టుచీరకు చెన్నై నుంచి బేరం వస్తున్నది. సంతోషించవలసిన మాటే. కాని ఇరుగుపొరుగు పెద్దదయిన కొద్దీ ఎవరికి ఇస్తున్నామో తెలియడం తగ్గిపోయినది. దుకాణదారునికి ఎదుట మనిషి నిలబడి ఉంటాడు. మనకు ఎదుట ఉన్నది ఒక చిరునామా మాత్రమే. తమిళనాటి తెలుగువారు విలాసమంటారే, అదే. ఆ నాలుగు పంక్తులను నమ్మి సరుకు చేయి దాటించవలెను.

నమ్మి మోసపోతే నష్టమెంతో లెక్క వేసి చూడండి. 2,500 రూపాయల చీర మీద 250 మిగులుతుందనుకొందాము. ఒక చీర పోతే అసలు 2,250 పోయినట్లు. దానిని పూడ్చడానికి తొమ్మిది చీరలు అమ్మవలెను. తపాలా ఖర్చు కూడా కలుపుకొంటే పది. చిన్న వ్యాపారానికి ఒక నెల చాకిరీ అంతా అందులో పోతుంది.

ఈ చిక్కు కొత్తది కాదు. వి.పి.పి. అంటే మన పెద్దలకు బాగా తెలుసు. పుస్తకాలవారు, మందులవారు వి.పి. పంపితే పోస్టుమాను పైకం పుచ్చుకొని కట్ట ఇచ్చేవాడు. ఆకతాయితనంగా ఆర్డరు వ్రాసి, తీరా కట్ట వచ్చినప్పుడు ‘మాకక్కరలేదు పొమ్మ’నే మహానుభావులు ఆనాడూ ఉండేవారు. రానుపోను ఖర్చు పంపినవాని నెత్తిన పడేది. అందుచేత అనుభవం గల విక్రేతలు కొంత పైకం ముందుగా వస్తేనేగాని వి.పి. పంపేవారు కారు. నేటి ‘క్యాష్ ఆన్ డెలివరీ’ ఆ వి.పి.కి మనుమడే. తాతకు వాడిన మందే మనుమడికీ పనిచేస్తుంది: కొత్తవారి దగ్గర రానుపోను కొరియరు ఖర్చుకు సరిపడా బయానా ముందుగా తీసుకోండి. బయానా అడిగితే బేరం చెడుతుందేమోనని కొందరు జంకుతారు. 200 రూపాయలు ముందుగా ఇవ్వడానికి మనసొప్పనివాడు పార్సెలు వచ్చిన రోజున 2,500 ఇస్తాడనుకొనడానికి నాకు మాత్రం ఆధారం కనబడదు.

ఇక చిరునామాను చదవడం ఎట్లాగో చూద్దాము. చాలమంది పేరు, వీధి చూసి ఊరుకొంటారు. మొదట చూడవలసినది పిన్‌కోడు. 1972 ఆగస్టు 15న వచ్చిన ఈ ఆరంకెల సంఖ్య చిరునామాకు నాడి వంటిది. మొదటి అంకె ప్రాంతాన్ని చెబుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలకు 5; తమిళనాడు, కేరళలకు 6; మహారాష్ట్రకు 4; ఒడిశా, బెంగాలులకు 7. చివరి మూడంకెలు బట్వాడా చేసే తపాలా కార్యాలయాన్ని చెబుతాయి. ఊరి పేరు ఒకటి, అంకెలు మరొక రాష్ట్రానివి అయితే అక్కడే ఆగి అడగండి.

అయితే అంకెలు ఒప్పనంత మాత్రాన దొంగ అనుకొనకూడదు. యానాంనే తీసుకోండి. పాలన పుదుచ్చేరిది, పుదుచ్చేరి పట్టణానికి పిన్‌కోడు 605001. యానాం పిన్‌కోడు 533464, అంటే గోదావరి పక్క సంఖ్య. ‘యానాం, పుదుచ్చేరి’ అని వ్రాసి 53తో మొదలయ్యే అంకెలు ఇచ్చినవారు నిజమే చెబుతున్నారు. దీనికి తలక్రిందులు బరంపురం సంగతి. గంజాం జిల్లాలోని మన బరంపురం 760001. బెంగాలులో ముర్షిదాబాదు జిల్లాలో మరొక బరంపురం ఉన్నది, దానిది 742101. ఇంగ్లీషులో వ్రాస్తే రెండు పేర్లకూ అక్షరం తేడాయే. మొదటి అంకె కూడా రెంటికీ 7. ఇక్కడ మోసమేమీ అక్కరలేదు, పొరపాటు చాలు, పట్టుచీర మరొక రాష్ట్రంలో షికారు చేసి వస్తుంది. హోసూరు పేరుగల ఊళ్ళు కర్ణాటకలోనూ ఉన్నవి, తమిళనాడులోనూ ఉన్నవి. జిల్లా పేరు లేనిదే పార్సెలు కట్టవద్దు.

ఈ మధ్య, 2025 మేలో, తపాలా శాఖ ‘డిజిపిన్’ అనే మరొక సంకేతం విడుదల చేసినది. దీనిని సిద్ధం చేయడంలో హైదరాబాదు ఐ.ఐ.టి.కి, ఇస్రోవారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి పాలున్నది. దేశమంతటినీ సుమారు నాలుగు మీటర్ల చదరపు గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడికి పది అక్షరాల, అంకెల గుర్తు ఇచ్చారు. కొనేవారు తమ వాకిట నిలబడి ఆ గుర్తు తీసి పంపగలిగితే పోస్టుమానుకు ఇల్లు వెదకడం సులువవుతుంది. ఆ ఇంట్లో ఎవరున్నారో మాత్రం అది చెప్పదు.

అసలు ప్రమాదం ఎక్కడున్నదంటే, డబ్బిచ్చేవారు ఒకరు, సరుకు అందుకొనేవారు మరొకరు అయినప్పుడు. ఇది తప్పేమీ కాదు. బొంబాయిలో ఉన్న కొడుకు పైకం పంపి బళ్ళారిలో ఉన్న తల్లికి చీర పంపమంటాడు. మన కుటుంబాలన్నీ నాలుగు రాష్ట్రాలలో చెదిరి ఉన్నవి కనుక మనకిట్టి బేరాలే ఎక్కువ. చేయవలసినదల్లా, పైకం పంపినవారి చేతనే, వారి ఫోను నుంచే, ‘ఈ చిరునామాకు పంపండి’ అని వ్రాయించుకొనడం. ఆ మీదట అందుకొనేవారి నెంబరుకు ఒక్కసారి ఫోను చేసి, ‘అమ్మా, మీ ఇంటికి దగ్గర గుర్తేమిటి?’ అని అడగండి. నిజంగా ఆ ఇంట ఉన్నవారు గుడో, బడో, పిండిమరో తడుముకొనకుండా చెబుతారు.

పార్సెలు బయలుదేరిన తరువాత చిరునామా మార్చమనేవారి విషయంలో మరింత జాగ్రత్త కావలెను. ‘మేము ఊరు వెళుతున్నాము, మా స్నేహితుని ఇంటికి పంపించండి’ అంటారు. మార్చినారో, ‘మా చిరునామాకు రాలేదు’ అని రేపు వారే అనవచ్చును. వారి మాట అబద్ధం కూడా కాదు! పాత చిరునామాకు వెళ్ళి తిరిగి వచ్చిన తరువాత, ఖర్చు మళ్ళీ పుచ్చుకొని, కొత్త చోటికి పంపడమే క్షేమం.

విదేశాల బేరంలో ఇది మరీ ముఖ్యం. ఆవకాయలు, చీరలు అమెరికాకు పంపి పేపాల్ ద్వారా పైకం తీసుకొనేవారు గమనించవలెను. (పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలోపలి చెల్లింపులు మానివేసినది, విదేశీ చెల్లింపులకు మాత్రం ఉన్నది.) సరుకు అందలేదని చెప్పడానికి వారు కొన్నవారికి 180 రోజుల గడువిస్తారు. అమ్మినవారికి రక్షణ కావాలంటే, ఆ చెల్లింపు వివరాలలో ఏ చిరునామా ఉన్నదో దానికే పంపి, చేరినట్లు రుజువు చూపవలెను. 750 డాలర్లు, అంతకు మించిన సరుకైతే అందుకొన్నవారి సంతకం కూడా కావలెను. కొన్నవారు తరువాత జాబులో వ్రాసిన మరొక చిరునామాకు పంపితే ఆ రక్షణ లేదు. అప్పుడు ఆ ఆర్డరు రద్దు చేసి, పైకం తిప్పి పంపి, సరియైన చిరునామాతో మళ్ళీ చెల్లించమనండి. విసుక్కొంటే విసుక్కొంటారు.

పైకం విషయంలో రెండు మూడు మాటలు. డబ్బు పంపినామని చూపే ఫొటో రశీదు కాదు. అట్టివి తయారు చేయడం నేడు పిల్లల ఆట. మీ బ్యాంకు ఖాతా మీరే తెరిచి జమ అయినదో లేదో చూడండి. ‘2,500 బదులు పొరపాటున 25,000 పంపాను, మిగతాది తిప్పి పంపండి’ అనేవారి మాటకూ ఇదే పరీక్ష. మరొకటి: డబ్బు తీసుకొనడానికి యు.పి.ఐ. పిన్ ఎన్నడూ అక్కరలేదు. (ఈ పిన్ వేరు, తపాలా పిన్ వేరు.) సైన్యంలో ఉన్నామని చెప్పి, గళ్ళ బొమ్మ పంపి, ‘దీనిని స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది’ అనే మోసం ఎందరి ఖాతాలనో ఊడ్చినది. పిన్ కొట్టితే డబ్బు పోతుంది, రాదు.

చాలమంది ఎరుగని చిక్కు మరొకటి ఉన్నది. మీకు వచ్చిన సొమ్ము నిజమైనదే, సరుకూ పంపినారు. కాని ఆ సొమ్ము ఎవరినో మోసగించి లాగినది కావచ్చును. పోగొట్టుకొన్నవారు ఫిర్యాదు చేస్తే, సొమ్ము ఏయే ఖాతాలు దాటి వచ్చినదో పోలీసులు జాడ తీస్తారు. మీ ఖాతాలో ఆ మేరకు, ఒక్కొక్కప్పుడు ఖాతా మొత్తాన్నే, బ్యాంకు నిలిపివేస్తుంది. పిల్లల ఫీజు కట్టవలసిన రోజున ఆ సంగతి తెలిస్తే ఇల్లాలి గతి ఏమిటి? అప్పుడు ‘నేను సరుకు అమ్మి తీసుకొన్న పైకమిది’ అని చూపడానికి బిల్లు, పంపిన రశీదు, కొన్నవారు వ్రాసిన చిరునామా, సంభాషణ చేతిలో ఉండవలెను. వీటిని ఏడాదిపాటైనా చెరిపివేయవద్దు.

రుజువులు ఆనాటికానాడే తయారు కావలెను. చీరను మడిచి, పెట్టెలో పెట్టి, టేపు వేసి, చిరునామా అంటించేంతవరకు ఆపకుండా ఒకే వీడియో తీయండి. ఖాళీ పెట్టె వచ్చినదనేవారికి అదే జవాబు. తపాలా రశీదు మీద బరువు వేస్తారు. అది కూడా సాక్ష్యమే. 2025లో రిజిస్టర్డు తపాలాను స్పీడ్‌పోస్టులో కలిపివేశారు, స్పీడ్‌పోస్టులో ఓ.టి.పి. చెబితేనే ఇచ్చే సదుపాయం ఉన్నది. కొంచెం అదనపు రుసుమే, కొత్త చిరునామాకు తప్పక అడగండి. విలువైన సరుకుకు భీమా చేయించండి. భీమా లేని పార్సెలు పోతే వచ్చే పరిహారం చీర కొంగుకు కూడా చాలదు.

ఇంత చేసినా మోసం జరిగితే ఆలోచిస్తూ కూర్చొనక వెంటనే 1930 నెంబరుకు ఫోను చేయవలెను. గంటలు గడిచిన కొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది. బ్యాంకుకు కూడా ఆ రోజే తెలియజేయండి.

కొత్తవారికి పార్సెలు కట్టే ముందు ఈ నాలుగు మాటలు వ్రాసి పంపడం అలవాటు చేసుకోవచ్చును: ‘అయ్యా, మీరు పంపిన ఇంత పైకం ముట్టినది. మీ సరుకును ఫలానా పేరున, ఫలానా చిరునామాకు, ఫలానా పిన్‌కోడుకు, ఫలానా తేదీన పంపుతున్నాము. బయలుదేరిన తరువాత చిరునామా మార్చడం వీలుకాదు. వివరాలు సరిగా ఉన్నవని తెలుపగోరుతాము.’ దీనికి ‘సరే’ అని పైకం పంపిన ఫోను నుంచే బదులు వచ్చిన తరువాత పెట్టెకు టేపు వేయండి.