అన్నభేదిలో ఎలక్ట్రాన్ల లెక్క

ఇంటర్మీడియట్‌లో గానీ డిగ్రీ మొదటి సంవత్సరంలో గానీ రసాయనశాస్త్రం చదివే విద్యార్థికి తొలి నెలల్లోనే రెండు పాఠాలు ఎదురవుతాయి: పరమాణువులో ఎలక్ట్రాన్లు ఎలా అమరి ఉంటాయో చెప్పే ఎలక్ట్రాన్ విన్యాసం ఒకటి, పదార్థాల బరువును పరమాణువుల సంఖ్యతో ముడిపెట్టే మోల్ లెక్కలు మరొకటి. మొదటిదాన్ని ఎక్కాల్లా వల్లె వేయడం, రెండోదాన్ని సూత్రంలో అంకెలు వేసి గట్టెక్కించడం రివాజైపోయింది. పాఠ్యపుస్తకాలు కూడా వీటిని వేర్వేరు అధ్యాయాల్లో పెట్టడంతో ఒకదాని అవసరం మరొకదానికి ఉందన్న సంగతే చాలామందికి తట్టదు. ఆ సంబంధాన్ని చూపడానికి ఎరువుల దుకాణంలో దొరికే అన్నభేది చాలు. వరి నారుమడిలోనో వేరుశనగ చేలోనో లేత ఆకులు పాలిపోతే అది ఇనుపధాతు లోపమని గుర్తించి, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదిని 1 గ్రాము నిమ్మ ఉప్పుతో కలిపి పిచికారీ చేయడం తెలుగు రైతులకు తెలిసిన పనే. లేత ఆకుపచ్చ రంగులో ఉండే ఈ స్ఫటికాల రసాయన నామం ఫెర్రస్ సల్ఫేట్.

ఇనుము పరమాణు సంఖ్య 26, అంటే దాని కేంద్రకంలో 26 ప్రోటాన్లు, చుట్టూ 26 ఎలక్ట్రాన్లు ఉంటాయి. సూర్యుడి చుట్టూ గ్రహాల్లా ఎలక్ట్రాన్లు కచ్చితమైన కక్ష్యల్లో తిరుగుతాయని 1913లో నీల్స్ బోర్ ఇచ్చిన చిత్రం హైడ్రోజన్‌కు సరిపోయింది గానీ అంతకంటే పెద్ద పరమాణువుల దగ్గర తడబడింది. 1926లో ష్రోడింగర్ సమీకరణం వచ్చాక కక్ష్య స్థానంలో ఆర్బిటాల్ అనే భావన నిలిచింది. ఆర్బిటాల్ అంటే ఎలక్ట్రాన్ నడిచే దారి కాదు, అది కనిపించే అవకాశం ఎక్కువగా ఉన్న ప్రదేశం. ఒక్కో ఆర్బిటాల్‌లో రెండు ఎలక్ట్రాన్లకు మించి చోటుండదని, ఆ రెండింటి స్పిన్‌లు కూడా పరస్పరం వ్యతిరేకంగా ఉండాలని పౌలీ 1925లో ప్రతిపాదించిన నియమం నుంచి తేలుతుంది. ఎస్ ఉపకర్పరంలో ఒకటి, పి ఉపకర్పరంలో మూడు, డి ఉపకర్పరంలో అయిదు ఆర్బిటాళ్లు ఉంటాయి కాబట్టి వాటిలో వరుసగా 2, 6, 10 ఎలక్ట్రాన్లు పడతాయి. ఇక్కడిదాకా కంఠస్థం చేసినా పెద్ద నష్టమేమీ లేదు.

చిక్కు ఇనుము వంటి మూలకాల దగ్గర మొదలవుతుంది. ఏ ఉపకర్పరం తర్వాత ఏది నిండుతుందో చూపే ఏటవాలు బాణాల పటాన్ని అనుసరించి విద్యార్థులు ఇనుము విన్యాసాన్ని 1ఎస్² 2ఎస్² 2పి⁶ 3ఎస్² 3పి⁶ 4ఎస్² 3డి⁶ అని రాస్తారు, అది సరైనదే. రెండు ఎలక్ట్రాన్లు పోయిన ఇనుము, అంటే ఫెర్రస్ అయాన్, విన్యాసం రాయమంటే మాత్రం చివర నింపినవే ముందు పోతాయనుకుని 3డి నుంచి రెండు ఎలక్ట్రాన్లను తీసేస్తారు. నిజానికి పోయేవి 4ఎస్‌లోని రెండు. 4ఎస్ శక్తి తక్కువ కనుక అది ముందు నిండుతుందన్న మాట పొటాషియం, కాల్షియంల వరకే నిలుస్తుంది. కేంద్రకంలో ప్రోటాన్లు పెరిగేకొద్దీ 3డి ఎలక్ట్రాన్లు లోపలికి గట్టిగా లాగబడి, వాటి శక్తి 4ఎస్ కంటే కిందికి దిగిపోతుంది, అప్పుడు బయటి అంచున వదులుగా మిగిలేవి 4ఎస్ ఎలక్ట్రాన్లే. బాణాల పటం జవాబును చేతికిస్తుంది గానీ ఈ కారణాన్ని కప్పేస్తుంది. పటాన్ని నేర్పినంత శ్రద్ధగా దాని హద్దును కూడా నేర్పి ఉంటే పరీక్షల్లో ఇన్ని తప్పులు దొర్లేవి కావు.

ఆ విధంగా ఫెర్రస్ అయాన్‌లో ఆరు 3డి ఎలక్ట్రాన్లు మిగులుతాయి. సమాన శక్తి గల ఆర్బిటాళ్లలో ముందు ఒక్కొక్కటిగా, చోటు చాలకపోతేనే జంటగా ఎలక్ట్రాన్లు చేరతాయన్న హుండ్ నియమం ప్రకారం అయిదు ఆర్బిటాళ్లలో నాలుగింటిలో ఒంటరి ఎలక్ట్రాన్లు, ఒకదానిలో జంట ఉంటాయి. ఆ జంటలో ఒకటి పోతే అయిదింటిలోనూ ఒక్కొక్కటే మిగిలిన ఫెర్రిక్ అయాన్ ఏర్పడుతుంది. సగం నిండిన ఈ అమరికకు ఉన్న స్థిరత్వం ఆ మార్పుకు తోడ్పడే కారణాల్లో ఒకటి మాత్రమే, చుట్టూ ఉన్న నీరు, ఆమ్లత కూడా అందులో పాలుపంచుకుంటాయి. మూతి సరిగా కట్టని సంచిలో ఆకుపచ్చ అన్నభేది మీద పసుపు, గోధుమ రంగు పొర కమ్ముకోవడం కంటికి కనిపించే సంగతే. కాగితం మీద 3డి⁶ పోయి 3డి⁵ అయినప్పుడు సంచిలో జరిగేది అదే. సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో ఇనుము పుష్కలంగా ఉన్నా అది కరగని ఫెర్రిక్ రూపంలో ఉండిపోవడం వల్లనే పైరుకు అందదు. నిమ్మ ఉప్పు ద్రావణాన్ని ఆమ్లంగా ఉంచి ఈ మార్పు నెమ్మదిగా సాగేలా చేస్తుంది, ఏర్పడిన ఫెర్రిక్ అయాన్లను పట్టి ఉంచి మడ్డిగా అడుగుకు చేరనివ్వదు.

మార్పు ఎంత మేరకు జరుగుతుందో తెలియాలంటే మోల్ కావాలి. డజను అంటే 12 అయినట్టే మోల్ అంటే 6.02214076×10²³, 2019 మే 20 నుంచి ఈ సంఖ్యే మోల్‌కు కచ్చితమైన నిర్వచనం. అన్నభేదిలో ఒక ఇనుము (55.85), ఒక గంధకం (32.06), నాలుగు ఆక్సిజన్ (64.00), వాటితోపాటు స్ఫటికంలో ఇమిడిపోయిన ఏడు నీటి అణువులు (126.11) ఉంటాయి కాబట్టి ఒక మోల్ బరువు దాదాపు 278 గ్రాములు. స్ఫటిక జలాన్ని మరిచిపోవడం ఈ లెక్కలో అందరూ చేసే పొరపాటు, అన్నభేది బరువులో 45 శాతం నీరేనంటే నమ్మబుద్ధి కాదు మరి. 5 గ్రాములను 278తో భాగిస్తే 0.018 మోల్, అంటే లీటరు మందులో సుమారు 1.08×10²² ఇనుము అయాన్లు ఉన్నట్టు.

ఒక్కో ఫెర్రస్ అయాన్ ఒక ఎలక్ట్రాన్‌నే వదులుతుంది, ఒక ఆక్సిజన్ అణువు మాత్రం నాలుగింటిని పుచ్చుకుంటుంది, అందుచేత నాలుగు మోల్‌ల ఫెర్రస్‌కు ఒక మోల్ ఆక్సిజన్ చాలు. ఈ చర్య సమీకరణంలో కనిపించే 4, 1 అంకెలు ఎలక్ట్రాన్ విన్యాసం నుంచే పుట్టాయి. వీటిని గ్రాముల నిష్పత్తిగా వాడేయడం రెండో పొరపాటు, ఇవి మోల్‌లకే వర్తిస్తాయి. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ సుమారు 8 మిల్లీగ్రాములు, అంటే 0.00025 మోల్. అది 0.001 మోల్ ఫెర్రస్‌నే మార్చగలదు. ఉన్న 0.018 మోల్‌లో ఇది పద్దెనిమిదో వంతు. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ చొప్పున కలిపే ఇంట్లో రెండు గ్లాసుల పప్పే ఉంటే అయిదో గ్లాసు రవ్వ మిగిలిపోయినట్టు, ఇక్కడ ముందుగా అయిపోయే సరుకు ఆక్సిజన్, మిగిలిపోయేది ఇనుము. అప్పుడే కలిపిన మందు కాసేపు ఆకుపచ్చగానే ఉండటానికి ఇదొక కారణం. డ్రమ్మును మూత తీసి రాత్రంతా వదిలేస్తే మాత్రం గాలి నుంచి ఆక్సిజన్ కరుగుతూనే ఉంటుంది గనుక ఈ అడ్డు తొలగిపోతుంది.

ఇదే లెక్కను సంచి మీద ముద్రించిన ఇనుము శాతానికీ వర్తింపజేయవచ్చు. 55.85ను 278తో భాగిస్తే 20 శాతం వస్తుంది, నీటిని వదిలేసి లెక్కవేసినవారికి 37 వస్తుంది. ఏడు నీటి అణువులున్న ఆకుపచ్చ అన్నభేది ఎంత శుద్ధమైనదైనా 100 గ్రాములకు దాదాపు 20 గ్రాముల ఇనుమే ఇస్తుంది. సంచి మీద అంతకంటే ఎక్కువ రాసి ఉంటే అందులో ఉన్నది ఆ అన్నభేది కాదు.