ఆ ఏడుపు తోడు కోసం

చర్ల, దుమ్ముగూడెం మొదలు అశ్వారావుపేట దాకా అడవిని ఆనుకుని ఉన్న ఊళ్లలో రైతుకు కుక్క కావాలి. మొక్కజొన్న కంకి పట్టే వేళకు అడవిపందులు చేలల్లోకి దిగుతాయి. రాత్రంతా మంచె మీద కాపలా కాసే మనిషికి కింద ఒక కుక్క ఉంటే అదో ధైర్యం. అందుకే ఎవరింట్లో కుక్క పిల్లల్ని పెట్టిందని తెలిసినా మాకొకటి ఉంచమని ముందే చెప్పి వస్తారు. నెల తిరక్కుండానే, నాలుగడుగులు వేయడం రాగానే, తెచ్చేసుకుంటారు. తెచ్చిన రాత్రే ఏడుపు మొదలవుతుంది.

ముందు కుయ్ కుయ్‌మంటుంది. కాసేపటికి గొంతు పెంచుతుంది. అర్ధరాత్రి దాటాక మెడ ఎత్తి ఊళ పెడుతుంది. కుక్క ఏడిస్తే ఇంటికి కీడని మన నమ్మకం. ఇంట్లో పెద్దవాళ్లకు కంటి మీద కునుకుండదు. తెల్లారగానే పక్కింటివాళ్లు వచ్చి, ‘ఎక్కడన్నా వదిలేసి రారాదయ్యా’ అంటారు. మూడు నాలుగు రోజులకే ఆ పిల్ల ఊరవతల రోడ్డు పక్కన కనిపిస్తుంది. ఆకలికో, లారీ కిందో ఒక పసిప్రాణం పోవడానికి ఈ నమ్మకం కారణమవుతోంది కాబట్టి గట్టిగానే చెప్పాలి: ఆ ఏడుపులో శకునం లేదు. నిన్నటిదాకా తల్లి పొట్టకు ఆనుకుని, తోడబుట్టినవాటి మీద కాళ్లు వేసి పడుకున్న కూన అది. ఉన్నట్టుండి ఒంటరిదైంది. నేనిక్కడున్నానని తల్లికి వినపడేలా పిలుస్తోంది.

దీన్ని శ్రద్ధగా పరిశీలించినవాళ్లున్నారు. అమెరికాలో బార్ హార్బర్‌లోని జాక్సన్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ల తరబడి కుక్కపిల్లల ఎదుగుదలను గమనించి 1965లో పుస్తకంగా తెచ్చారు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్ల ఎవరితో మెలిగితే వాళ్లనే తనవాళ్లుగా చేసుకుంటుందని అందులో తేల్చారు. స్కాట్ పాలుపంచుకున్న మరో పరిశీలన 1977లో అచ్చయింది. విడిగా ఉంచిన పిల్లల దగ్గర తిండి, బొమ్మలు వంటివి ఒక్కొక్కటిగా పెట్టి, ఏడుపు దేనితో తగ్గుతుందో చూశారు. అన్నిటికంటే బాగా పనిచేసింది మనిషి దగ్గరుండడమే. ఏడ్చినప్పుడల్లా పాలగిన్నె ముందు పెట్టే మన అలవాటును ఇక మానుకోవచ్చు. పైగా గేదెపాలు చాలా పిల్లలకు అరగవు. విరేచనాలు పట్టుకుంటే రాత్రి నిద్ర ఇంకా చెడుతుంది.

కొట్టి ఊరుకోబెట్టాలనుకునేవాళ్లకు మన భారతమే సమాధానం చెబుతుంది. భద్రాచలం గట్లను ఒరుసుకుంటూ పోయే గోదావరి ఒడ్డునే, కింద రాజమహేంద్రవరంలో, నన్నయ తెలుగు భారతం మొదలుపెట్టాడు. ఆదిపర్వం మొదటి ఆశ్వాసంలోనే ఒక కుక్కపిల్ల ఏడుస్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి ఆడుకుంటూ వచ్చిన సారమేయుణ్ణి రాజు తమ్ముళ్లు కారణం లేకుండా కొడతారు. అది ఏడుస్తూ వెళ్లి తల్లి సరమకు చెప్పుకుంటుంది. సరమ నేరుగా రాజు ముందుకు వచ్చి నిలదీస్తుంది, అనుకోని భయం వచ్చిపడుతుందని హెచ్చరిస్తుంది. అంత పెద్ద ఇతిహాసం తొలి పుటల్లోనే కుక్కపిల్ల మొరను ఒక రాజు వినాల్సి వచ్చింది. మనమూ వినాలి. కొడితే ఆ రాత్రికి గొంతు ఆగుతుందేమో కానీ, భయం మనసులో ఉండిపోతుంది. భయపడ్డ కుక్కే పెద్దయ్యాక చేతికి దొరికినవాళ్లను కరుస్తుంది.

రెండు నెలలు నిండేదాకా పిల్లను తల్లి దగ్గరే ఉంచాలి. ఎంత దూకకూడదో, ఎంత గట్టిగా కొరకకూడదో తోబుట్టువుల దగ్గరే నేర్చుకుంటుంది. తెచ్చుకునే రోజు తల్లి పడుకున్న గోనెసంచి ముక్కో, పాత చీర పేలికో వెంట తెచ్చుకోండి. ఆ వాసనే సగం తోడు. మన వీధికుక్కలు ఎక్కువగా చలికాలంలోనే ఈనుతాయి కాబట్టి, చాలా పిల్లలకు కొత్త ఇంట్లో మొదటి రాత్రులు ఏజెన్సీ చలి రాత్రులే అవుతాయి. కింద గోనెసంచి, పైన మెత్తటి గుడ్డ వేసి, గాలి తగలని మూల చూడాలి.

ఆ మూల ఇంట్లోపలే ఉండాలి. ఈ ప్రాంతంలో దీనికి తిరుగులేదు. పాల్వంచ దగ్గరి కిన్నెరసాని అభయారణ్యంలో చిరుతలు, ఎలుగులు, నక్కలు ఉన్నాయి. మహారాష్ట్రలోని అకోలే ప్రాంతంలో చిరుతల ఆహారాన్ని పరిశీలిస్తే బరువు లెక్కన 39 శాతం పెంపుడు, వీధి కుక్కలే. ఊరు అడవిలో కలిసే చోట వాకిట్లో కట్టేసిన పిల్ల రాత్రంతా అరుస్తుంటే, తానెక్కడుందో చిరుతకు చెబుతున్నట్టే. వానాకాలంలో కట్లపాము భయం ఉండనే ఉంది.

మొదటి వారం మంచం పక్కనే, చేయి చాపితే అందేంత దూరంలో అట్టపెట్టెలోనో బుట్టలోనో పడుకోబెట్టండి. కదిలి కుయ్‌మంటే చేయి వేసి నిమరండి, చాలు. దీపం వేసి, ఎత్తుకుని, ఆడించవద్దు. వారం తర్వాత పక్కను రోజుకు కొంచెం చొప్పున జరుపుతూ పోతే గది చివరకో, వసారాలోకో చేరుతుంది. ‘ఏడ్చి ఏడ్చి అదే ఊరుకుంటుంది’ అనే సలహా ఊళ్లోనూ వినిపిస్తుంది, పట్నంలోనూ వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. అలసిపోయి ఊరుకోవడం వేరు, నెమ్మదించి నిద్రపోవడం వేరు.

ప్రతి ఏడుపూ తోడు కోసమే కాదు. రెండు నెలల పిల్ల రాత్రంతా ఒంటేలు ఆపుకోలేదు. రెండు మూడు గంటలకోసారి బయటికి తీసుకెళ్లాల్సి వస్తుంది. చేతిలో టార్చి, కాళ్లకు చెప్పులు ఉండాలి. ఎప్పుడూ ఒకే చోటికి తీసుకెళ్లి, మాటా ఆటా లేకుండా పని కానిచ్చి వెంటనే పక్కలో వేయాలి. సాయంత్రం తిండి పొద్దుగూకేసరికి పెట్టేస్తే ఈ లేవడాలు తగ్గుతాయి. పగలంతా ముద్దుచేసి నిద్రపోనివ్వని పిల్ల రాత్రి స్థిమితంగా పడుకోదు. ఈ వయసులో రోజుకు 18 గంటల దాకా నిద్ర కావాలి. పొట్ట ఉబ్బి ఉన్నా, మెడ కింద, చెవుల్లో పిడుదులు పట్టినా, తిండి మానేసినా పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. నులిపురుగుల మందు, ఎనిమిది వారాల లోపు పార్వో, డిస్టెంపర్ టీకా, మూడు నెలలకు రేబిస్ టీకా తప్పనిసరి. ఏటా జులై 6న రేబిస్ టీకా ఉచితంగా వేసే పశువైద్యశాలలున్నాయి. 1885లో లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక బాలుడికి ఆ టీకా వేయించిన రోజది. డిస్టెంపర్ టీకా అడవికీ అవసరం. 2018లో గిర్ అడవిలో కొద్ది వారాల్లో 20కి పైగా సింహాలు చనిపోతే, కొన్నింటిలో ఈ వైరసే బయటపడింది. చేనుగట్టు దాటి తిరిగే కుక్కలు, నక్కలు, చిరుతలు ఒకే వాగు నీళ్లు తాగే చోట ఇది చిన్న విషయం కాదు.

ఇంట్లో పడుకోబెడితే కాపలాకు పనికిరాకుండా పోతుందేమోనని రైతులు అడుగుతారు. అలాంటిదేమీ లేదు. ఐదారు నెలలు దాటాక కొత్త అలికిడికి మొరగడం దానికదే వస్తుంది. నేర్పాల్సింది ఆపడం. మొరిగినప్పుడు కసిరితే మనమూ దానితో కలిసి అరుస్తున్నామనుకుంటుంది. లేచి వెళ్లి అది చూస్తున్న వైపు మనమూ చూసి, ఎప్పుడూ అదే మాటతో ‘చాలు, దా’ అని పిలవాలి. వస్తే మెచ్చుకుని ఒక ముక్క పెట్టాలి. పక్కింటి మనిషికీ పందికీ తేడా అలా తెలుస్తుంది. పిల్లగా ఉన్నప్పుడే పగటిపూట చేను, వాగు, ట్రాక్టరు, పశువులు చూపిస్తే రాత్రి ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడదు.

ఏడాది నిండాక, మంచె మీద మనిషి ఉన్న రాత్రుల్లోనే, అనుభవమున్న పెద్ద కుక్క తోడుగా చేనుకు తీసుకెళ్లాలి. పందుల వెంట అడవిలోకి ఉసిగొల్పకూడదు. గట్టున ఒక్కదాన్నే కట్టేసి ఇంటికి రావడం మాత్రం ఏ వయసులోనూ వద్దు. గొలుసుతో కట్టేసిన కుక్క చిరుత వస్తే పారిపోలేదు.