సంక్షోభ కాలంలో దీర్ఘకాలిక మదుపు - ఓర్పుకు ఉండవలసిన షరతులు

వ్యాససంగ్రహం

షేర్ల మార్కెట్టు కుప్పకూలినప్పుడు మదుపరికి మొదట వినిపించే సలహా ‘అమ్మవద్దు, ఓపిక పట్టండి’ అన్నది. ఈ సలహా ఎవరి విషయంలో, ఎంతవరకు నిలుస్తుందన్న ప్రశ్నను 2008-09, 2020 సంవత్సరాల భారతీయ మార్కెట్టు పతనాల ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది. ఓర్పు కేవలం స్వభావానికి సంబంధించిన గుణం కాదని, దాని ఫలితం దేనిలో మదుపు చేశారు, ఎవరి డబ్బుతో చేశారు, ఆ డబ్బు ఎప్పుడు కావాలి అనే మూడు అంశాలపై ఆధారపడుతుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మదుపు, సెన్సెక్స్, నష్టభీతి, వైవిధ్యీకరణ, కాలపరిమితి, కాంట్రిబ్యూటరీ పెన్షన్.

1. ప్రవేశిక

ఖర్చు చేయక మిగుల్చుకోవడం పొదుపు. మిగిల్చినదాన్ని రాబడి కోసం వినియోగించడం మదుపు. తెలుగు కుటుంబాలలో మదుపు అంటే చాలాకాలం పాటు భూమి, బంగారం, చిట్టీలు, బ్యాంకు డిపాజిట్లే. షేర్లు తమకు సంబంధించని వ్యవహారమని భావించిన మధ్యతరగతి ఉద్యోగులే ఎక్కువ. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి నియమితులైన ప్రభుత్వోద్యోగులకు పాత పెన్షన్ స్థానంలో కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం వర్తించింది. జీతం నుంచి కోత పడిన మొత్తం, దానికి ప్రభుత్వం జోడించే వాటా కలిసి పెన్షన్ నిధులలోకి చేరుతాయి. ఆ నిధులలో కొంత భాగం షేర్లలో ఉంటుంది. అందుచేత, డీమ్యాట్ ఖాతా ఏనాడూ తెరవని కళాశాల అధ్యాపకుడు కూడా నేడు దీర్ఘకాలిక మదుపరే. మార్కెట్టు సంక్షోభంలో ఏమి చేయాలన్న ప్రశ్న అతని వృద్ధాప్యానికి సంబంధించిన ప్రశ్నగా మారింది.

‘నిదానమే ప్రధానం’ అన్న సామెత ఒకవైపు, ‘ఆలస్యం అమృతం విషం’ అన్న నానుడి మరొకవైపు వాడుకలో ఉన్నాయి. ఈ రెండింటిలో ఏది ఎప్పుడు వర్తిస్తుందో తేల్చుకోవడానికి మొదట గతంలో జరిగినదాన్ని పరిశీలించవలసి ఉంటుంది.

2. రెండు పతనాలు, రెండు నిరీక్షణలు

బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలోని 30 ప్రధాన కంపెనీల షేర్ల ధరలను ప్రతిబింబించే సూచీ సెన్సెక్స్. 1978-79ని ఆధార సంవత్సరంగా, ఆనాటి విలువను 100గా తీసుకొని దీనిని లెక్కిస్తారు. 2008 జనవరి 8న ఈ సూచీ 20,873 వద్ద ముగిసింది. అమెరికాలో గృహరుణాల సంక్షోభం ముదిరి, ఆ ఏడాది సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ దివాలా పిటిషన్ వేయడంతో ప్రపంచ మార్కెట్లన్నీ కుదేలయ్యాయి. 2009 మార్చి 9 నాటికి సెన్సెక్స్ 8,160కి దిగింది. పద్నాలుగు నెలల్లో దాదాపు 61 శాతం విలువ హరించుకుపోయింది.

పతనమైన శాతం, తిరిగి కోలుకోవడానికి పెరగవలసిన శాతం ఒకటి కావు. 100 రూపాయలు 50 అయితే పతనం 50 శాతమే గాని, ఆ 50 మళ్లీ 100 కావడానికి 100 శాతం పెరగాలి. 61 శాతం పతనానికి దాదాపు 156 శాతం పెరుగుదల అవసరం. సెన్సెక్స్ పాత శిఖరాన్ని 2010 నవంబరులో, అంటే సుమారు రెండు సంవత్సరాల పది నెలలకు, తిరిగి తాకింది. అక్కడ నిలవలేక 2011 డిసెంబరులో మళ్లీ 15,000 సమీపానికి జారింది. 2010 నాటి ముగింపు రికార్డును దాటడానికి 2013 అక్టోబరు చివరి వరకు ఆగవలసి వచ్చింది.

2020లో కథ వేరు. జనవరి 14న 41,952 వద్ద ముగిసిన సూచీ, కొవిడ్ భయంతో మార్చి 23న ఒక్కరోజే 13 శాతానికి పైగా పడి 25,981కి చేరింది. మొత్తం పతనం 38 శాతం. అయినప్పటికీ అదే ఏడాది నవంబరుకల్లా పాత శిఖరాన్ని దాటింది. మొదటి నిరీక్షణ సంవత్సరాలలో, రెండవది నెలలలో ముగిసింది. పతనం నడుస్తున్నప్పుడు అది ఏ రకానికి చెందినదో చెప్పగలిగే సూచన మదుపరి చేతిలో ఉండదు. ఓర్పు ఎంతకాలం అన్నది ముందుగా తెలియకపోవడమే అసలు చిక్కు.

సూచీ కోలుకున్నదంటే మదుపరి కొనుగోలు శక్తి కోలుకున్నట్టు కాదన్నది కూడా గమనార్హం. 2008-13 మధ్య దేశంలో వినియోగదారుల ధరలు ఒకటిన్నర రెట్లకు మించి పెరిగాయి. ఆ కాలంలో అందిన డివిడెండ్లు సెన్సెక్స్ అంకెలలో కనిపించవు గనుక నష్టం కొంత తగ్గుతుంది. కానీ పూర్తిగా పూడదు.

3. అమ్మకానికి పురికొల్పే నష్టభీతి

డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం మనిషి తన సంపద మొత్తాన్ని కాక, ఒక ప్రమాణ బిందువు నుంచి కలిగిన లాభనష్టాలను తూకం వేస్తాడు. ఆ తూకంలో నష్టం బరువు ఎక్కువ. 1992 నాటి వారి అంచనా ప్రకారం నష్టం కలిగించే బాధ అంతే మొత్తపు లాభం ఇచ్చే తృప్తికి రెండు రెట్లకు పైగా ఉంటుంది. దీనినే నష్టభీతి అంటారు.

ష్లోమో బెనార్ట్జి, రిచర్డ్ థేలర్ 1995లో దీనికి మరొక అంశాన్ని జోడించారు. మదుపును ఎంత తరచుగా లెక్క చూసుకుంటే నష్టం కంటబడే అవకాశం అంత పెరుగుతుంది. షేర్ల ధరలు ఏ ఒక్కరోజు తీసుకున్నా పెరగడానికి, తగ్గడానికి దాదాపు సమాన అవకాశం ఉంటుంది. సంవత్సరాల లెక్కన చూస్తే పెరిగిన సందర్భాలే ఎక్కువ. ముప్పై ఏళ్ల అవసరానికి దాచిన డబ్బును రోజుకు పదిసార్లు ఫోనులో చూసుకునే వ్యక్తి, కాలం దీర్ఘమైనదే అయినా, స్వల్పకాలిక మదుపరి అనుభవించే భయాన్నే అనుభవిస్తాడు. ఆ భయం భరించరానిదైనప్పుడు అమ్మకం ఉపశమనంగా తోస్తుంది.

4. అమ్మినవారు తీసుకోవలసిన రెండవ నిర్ణయం

అమ్మకంతో నిర్ణయం పూర్తి కాదు. మళ్లీ ఎప్పుడు కొనాలన్నది రెండవ నిర్ణయం. మొదటిదానికంటె ఇది కఠినమైనది, ఎందుకంటే భారీ పెరుగుదలలు పరిస్థితులు చక్కబడిన తరువాత కాక, భయం ఇంకా తొలగని దినాలలోనే వస్తాయి. లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వెలువడిన అనంతరం 2009 మే 18న సెన్సెక్స్ ఒక్కరోజే 17 శాతం పెరిగి 14,284కి చేరింది. పెరుగుదల పరిమితిని దాటడంతో ఆనాటి వ్యాపారాన్ని నిలిపివేయవలసి వచ్చింది. మార్చి 9 నాటి అధమస్థాయితో పోలిస్తే పది వారాలలో సూచీ 75 శాతం పెరిగింది. 2020లో దేశమంతా లాక్‌డౌన్‌లో ఉండగా ఏప్రిల్ 7న సూచీ దాదాపు 9 శాతం పెరిగింది. ‘పరిస్థితి తేటపడ్డాక కొందాం’ అని ఆగినవారికి ఈ దినాలు దక్కలేదు.

క్రమం తప్పక మదుపు చేసేవారికి పతనం మరొక రూపంలో తోడ్పడుతుంది. ఒక ఫండులో నెలకు 1,000 రూపాయల చొప్పున సిప్ కడుతున్న వ్యక్తిని ఊహించవచ్చు. యూనిట్ ధర మొదటి నెల 100, రెండవ నెల 50, మూడవ నెల మళ్లీ 100 రూపాయలు అనుకుంటే అతనికి వరుసగా 10, 20, 10 యూనిట్లు వస్తాయి. కట్టినది 3,000, మూడవ నెలలో విలువ 4,000. ధర మొదలైన చోటికే వచ్చినా మదుపరికి లాభం కలిగింది. అయితే ధర తిరిగి వచ్చినప్పుడే ఈ లెక్క సరిపోతుందన్న విషయం మరువరాదు.

5. మొదటి షరతు: దేనిలో మదుపు

ఇంతవరకు చెప్పిన కోలుకోవడాలన్నీ సూచీకి సంబంధించినవి. సూచీ తన సభ్యులను మార్చుకుంటుంది. పడిపోయిన కంపెనీ వెళ్లిపోతుంది, ఎదిగిన కంపెనీ వచ్చి చేరుతుంది. విడి షేరు కొన్న మదుపరికి ఆ సౌకర్యం ఉండదు. హైదరాబాదు కేంద్రంగా ఎదిగిన సత్యం కంప్యూటర్స్ ఇందుకు తెలుగువారికి బాగా తెలిసిన దృష్టాంతం. లెక్కలలో తప్పుడు అంకెలు చూపినట్లు 2009 జనవరి 7న సంస్థ ఛైర్మన్ లేఖ ద్వారా వెల్లడించారు. ఆనాడే షేరు విలువలో మూడువంతులకు పైగా ఆవిరైంది. కొద్ది దినాలలోనే ఆ కంపెనీని సెన్సెక్స్ నుంచి తొలగించారు. 2008 శిఖరం నాటి సూచీలో ఉన్న రిలయన్స్ కమ్యూనికేషన్స్ తరువాతి దశాబ్దంలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఈ షేర్లను పట్టుకొని సూచీతోపాటు తామూ కోలుకుంటామని ఎదురుచూసినవారికి సూచీ చరిత్ర అక్కరకు రాలేదు.

అమెరికాలోని ఒక బ్రోకరేజి సంస్థకు చెందిన 10,000 ఖాతాలను పరిశీలించి టెరన్స్ ఓడియన్ 1998లో ప్రకటించిన అధ్యయనం ఇక్కడ ప్రస్తావనార్హం. మదుపరులు లాభంలో ఉన్న షేర్లను త్వరగా అమ్మి, నష్టంలో ఉన్నవాటిని పట్టుకొని ఉంటారని అందులో తేలింది. నష్టాన్ని ఒప్పుకోలేని మొండితనం, ఆలోచించి పట్టిన ఓర్పు బయటికి ఒకేలా కనిపిస్తాయి. వాటిని వేరుచేసేది వైవిధ్యీకరణ, అంటే అనేక రంగాలు, అనేక కంపెనీల మధ్య డబ్బును విభజించడం.

6. రెండవ షరతు: ఎవరి డబ్బు

అప్పు తెచ్చి షేర్లు కొన్నవారికి ఓపిక పట్టే స్వేచ్ఛ ఉండదు. ధర పడినప్పుడు బ్రోకరు అదనపు మార్జిన్ కోరతాడు. అది చెల్లించలేకపోతే వారి ప్రమేయం లేకుండానే షేర్లు అమ్ముడవుతాయి. సొంత డబ్బే అయినా, ఆరు నెలల ఇంటి ఖర్చులకు వేరే నిల్వ లేనివారి స్థితి ఇంచుమించు ఇదే. సంక్షోభ కాలంలో మార్కెట్టు పతనం, ఉద్యోగ నష్టం తరచు జంటగా వస్తాయి.

7. మూడవ షరతు: డబ్బు ఎప్పుడు కావాలి

కాలం గడిచేకొద్దీ షేర్ల ప్రమాదం దానంతట అదే తగ్గిపోతుందన్న నమ్మకం బలంగా ఉంది. ఆర్థిక శాస్త్రంలో ఇది వివాదాస్పదం. పాల్ శామ్యూల్సన్ 1963లోనే దీనిలోని తర్కదోషాన్ని ఎత్తిచూపారు. సంవత్సరాలు పెరిగేకొద్దీ సగటు వార్షిక రాబడిలోని వ్యత్యాసం తగ్గుతుంది. కానీ చివరకు చేతికందే మొత్తంలోని వ్యత్యాసం పెరుగుతుంది. జపాన్ అనుభవం దీనిని బలపరుస్తుంది. 1989 డిసెంబరు 29న 38,915 వద్ద ముగిసిన నిక్కీ సూచీ ఆ స్థాయిని 2024 ఫిబ్రవరిలో మాత్రమే దాటింది. ఆ ఎదురుచూపు 34 సంవత్సరాలు, అంటే ఒక ఉద్యోగ జీవితమంత.

అయితే యువ మదుపరికి ఎక్కువ షేర్లు ఎందుకు తగును? జ్వీ బోడీ, రాబర్ట్ మెర్టన్, శామ్యూల్సన్ 1992లో దీనికి సమాధానమిచ్చారు. అతనికి రానున్న సంవత్సరాల జీతం ఉంది. మదుపు దెబ్బతింటే ఎక్కువ పనిచేసి, ఎక్కువ దాచి సర్దుకోగలడు. దీర్ఘకాలంలోని బలం క్యాలెండరులో లేదు, ఇంకా సంపాదించగల శక్తిలో ఉంది.

పెన్షన్ నిధికి ఈ సూత్రాన్ని అన్వయించవచ్చు. 40 లక్షల నిధితో వచ్చే నెల పదవీ విరమణ చేయనున్న అధ్యాపకుడిని ఊహిస్తే, 2008 తరహాలో షేర్లు 60 శాతం పడినప్పుడు నిధిలో షేర్ల వాటా 15 శాతమైతే అతని నష్టం 3.6 లక్షలు. వాటా 50 శాతమైతే నష్టం 12 లక్షలు. అదే పతనం ఉద్యోగంలో చేరి రెండేళ్లయిన సహోద్యోగికి స్వల్ప నష్టమే, పైగా చౌకగా కొనే అవకాశం. ఒకే సంక్షోభం, ఒకే సలహా, పూర్తిగా భిన్నమైన ఫలితాలు. జాతీయ పెన్షన్ వ్యవస్థలో ప్రభుత్వోద్యోగుల సాధారణ పథకంలో షేర్ల వాటాకు పరిమితి విధించడం, వయసు పెరిగేకొద్దీ షేర్ల వాటాను తగ్గించే జీవనచక్ర పథకాలను ప్రవేశపెట్టడం, విరమణ నాడు తీసుకోవలసిన ఏకమొత్తాన్ని వాయిదా వేసుకొనే వీలు కల్పించడం ఈ తేడాను గుర్తించిన ఏర్పాట్లే. పరిమితి తక్కువైతే పతనంలో రక్షణ ఎక్కువ, దీర్ఘకాలంలో నిధి పెరిగే అవకాశం తక్కువ. ఈ రెండింటి నడుమ ఎంపిక తమదేనని చాలామంది చందాదారులు గుర్తించవలసి ఉంది.

8. ముగింపు

సంక్షోభంలో మదుపును కొనసాగించడం సరైనదా కాదా అన్న ప్రశ్నకు సంక్షోభంలో సమాధానం దొరకదు. అది అంతకుముందే నిర్ణయమై ఉంటుంది. డబ్బు విస్తృతంగా విభజించి, సొంత మూలధనంతో, సమీపంలో అవసరం లేని కాలానికి పెట్టినదైతే ఓర్పు ఫలించడానికి 2009, 2020 అనుభవాలు ఆధారమిస్తున్నాయి. ఈ మూడింటిలో ఏది లోపించినా అదే ఓర్పు నష్టాన్ని పెంచగలదు. కనుక దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకున్నట్లు, మార్కెట్టు ప్రశాంతంగా ఉన్నప్పుడే షేర్ల వాటాను వయసుకు, అవసరానికి తగినట్లు సరిచూసుకోవడం దీర్ఘకాలిక మదుపులో మొదటి పని. పతనం నాడు ఓపిక పట్టగలగడం ఆ పని చేసినవారికే సాధ్యమవుతుంది.